దాహంతో లొంగిన కోట: సిల్వెష్ గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల పాఠకుల ఫొటోల పేజీలో పోర్చుగల్‌లోని సిల్వెష్ కోట ఫొటో ఒకటి వేశాం. కూకట్‌పల్లి నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ పంపారు. కొండ మీద ఎర్రటి గోడలు, కింద తెల్లటి ఇళ్లు, పక్కన చిన్న ఏరు. దాని కింద "ఒకప్పటి మూర్ల పట్నంలో మధ్యయుగపు కోట" అని ఒక్క లైను రాసి ఊరుకున్నాం. మూర్లంటే అక్కడి ముస్లింలను యూరప్ వాళ్లు పిలిచిన పేరు. ఆ ఒక్క లైను ఎవరికీ చాల్లేదు. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చాలానే వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ కోటకే ఇచ్చేశాను.

ప్రశ్న: నమస్కారమండీ. ఫొటో పంపింది నేనే. మా అబ్బాయి లిస్బన్‌లో ఉంటాడు, పండక్కి వెళ్తే కారులో దక్షిణానికి తీసుకెళ్లి ఈ కోట చూపించాడు. గైడు ఉరుకులు పరుగుల మీద చెప్పేశాడు, సగం అర్థం కాలేదు. ముస్లింలు కట్టిన కోట అన్నాడు, తీరా చూస్తే గుమ్మం ముందు ఒక క్రైస్తవ రాజు కంచు విగ్రహం ఉంది. కోట ఎవరిది, ఎవరి నుంచి ఎవరికి పోయింది? కాస్త వివరంగా చెబుతారా? (కూకట్‌పల్లి)

జవాబు: అమ్మా, మీకొచ్చిన అనుమానం సరైనదే, ఆ విగ్రహం చూసి చాలామంది కోట ఆ రాజే కట్టించాడనుకుని వెనక్కి వస్తారు. ఆయన పేరు మొదటి సాంచో, పోర్చుగల్ రెండో రాజు. 1189లో ఈ కోటను గెలిచాడు, రెండేళ్లు తిరక్కుండానే పోగొట్టుకున్నాడు.

మొదటి నుంచీ చెబుతాను. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సైన్యాలు సముద్రం దాటి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పంలో అడుగుపెట్టాయి, కొద్ది ఏళ్లలోనే చాలా భాగం వాళ్ల చేతికి వచ్చింది. దక్షిణ పోర్చుగల్‌లో అప్పుడు ఎదిగిన పెద్ద పట్నాల్లో సిల్వెష్ ఒకటి. ఊరి పక్కన పారే అరాద్ ఏట్లో ఆ రోజుల్లో సముద్రం నుంచి పడవలు నేరుగా ఊరి దాకా వచ్చేవి. చుట్టుపక్కల అత్తి తోటలు, పండ్ల తోటలు. 12వ శతాబ్దపు భూగోళ పండితుడు అల్ ఇద్రిసీ ఈ ఊరి గురించి రాస్తూ ఇక్కడి జనంలో యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు ఉన్నారనీ, వాళ్లు మంచి అరబ్బీ మాట్లాడతారనీ మెచ్చుకున్నాడు.

11వ శతాబ్దంలో కార్డొబా ఖలీఫాల రాజ్యం ముక్కలైపోయాక సిల్వెష్ కొన్నాళ్లు సొంతంగా ఒక చిన్న రాజ్యంగా ఉంది. తర్వాత సెవిల్ రాజులు కలిపేసుకున్నారు. ఆ తర్వాత మొరాకో నుంచి వచ్చిన అల్మొరావిడ్లు అనే ముస్లిం రాజవంశం, వాళ్ల తర్వాత అల్మొహాద్లు అనే ఇంకో వంశం. మధ్యలో 1144లో సిల్వెష్‌కే చెందిన ఇబ్న్ ఖసీ అనే సూఫీ గురువు అల్మొరావిడ్ల మీద తిరగబడి కొంతకాలం ఏలాడు కూడా, 1151లో ఈ ఊళ్లోనే ఆయన్ని చంపేశారు. అంటే క్రైస్తవులు రాకముందే ఈ కోట ముస్లిం రాజుల మధ్యే ఎన్నో చేతులు మారింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మనం బళ్లో చదివేటప్పుడు 'ఇటు వీళ్లు, అటు వాళ్లు' అని రెండు గడుల్లో పెట్టేస్తాం, సిల్వెష్ చరిత్ర ఆ రెండు గడుల్లో ఇమడదు.

ఇక 1189. దానికి రెండేళ్ల ముందు ముస్లిం సుల్తాన్ సలాదీన్ జెరూసలేంను పట్టుకున్నాడు, దాన్ని తిరిగి గెలవాలని యూరప్ క్రైస్తవులంతా మూడో క్రూసేడ్‌కు, అంటే మతయుద్ధ యాత్రకు కదిలారు. జర్మన్లు, ఫ్లెమిష్ వాళ్లు, ఇంగ్లీషు వాళ్లు ఓడల్లో పోర్చుగల్ తీరం మీదుగా పోతుంటే సాంచో వాళ్లతో బేరం పెట్టుకున్నాడు: దారిలో నాకు సిల్వెష్ గెలిచిపెట్టండి, ఊరు నాది, లోపలి సొత్తు మీది. జులై 21న ముట్టడి మొదలైంది, సెప్టెంబరు 3న ఊరు ఖాళీ అయింది. ఆ కథ వేరే ప్రశ్నలో వివరంగా వస్తుంది.

మరుసటి ఏడాదే అల్మొహాద్ ఖలీఫా యాఖూబ్ అల్ మన్సూర్ తిరిగి దండెత్తి వచ్చాడు. అప్పుడు ఇంగ్లండ్ నుంచి వస్తున్న ఒక క్రూసేడర్ల ఓడ అక్కడ ఆగింది. ఊళ్లోవాళ్లు బతిమాలి వాళ్లను ఆపేసుకుని, వాళ్ల ఓడనే విప్పి ఆ చెక్కలతో అడ్డుగోడలు కట్టుకున్నారట. ఆ ఏడు కోట నిలబడింది. 1191లో అల్ మన్సూర్ మళ్లీ వచ్చాడు, ఈసారి గెలిచాడు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు సిల్వెష్ ముస్లింల చేతిలోనే ఉంది. 13వ శతాబ్దం నడుమ శాంటియాగో యోధుల దళానికి పెద్దగా ఉన్న పాయో పేరెష్ కొర్రేయా దీన్ని పోర్చుగల్‌కు గెలిచిపెట్టాడు, 1249లో ఫారో పట్నం కూడా పడిపోయేసరికి దక్షిణ తీరమంతా పోర్చుగల్ రాజుదైంది.

కాబట్టి మీ ప్రశ్నకు సూటిగా: మీరు చూసిన గోడల్లో ఎక్కువ భాగం అల్మొహాద్ల పద్ధతిలో కట్టినవి, విగ్రహం మాత్రం వాళ్లను గెలిచిన ఆయనది. కట్టినవాళ్లకు అక్కడ విగ్రహం లేకపోవడం నాకు కొంచెం బాధగానే అనిపిస్తుంది.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ సెకండియర్. మూర్లు అంటే ఆఫ్రికా వాళ్లా, అరబ్బులా? పోర్చుగల్ వాళ్లు గెలిచాక వాళ్లందరినీ చంపేశారా, వెళ్లగొట్టారా? మా పుస్తకంలో ఒక్క పేరాతో సరిపెట్టారు. (టోలీచౌకి)

జవాబు: బాబూ, మూర్లు అని యూరప్ వాళ్లు పిలిచిన జనంలో అరబ్బులున్నారు, ఉత్తర ఆఫ్రికా బెర్బర్లున్నారు, అన్నిటికన్నా ఎక్కువగా అక్కడే పుట్టి తరాల కిందట ఇస్లాం తీసుకున్న స్థానికులున్నారు. వాళ్ల పక్కనే అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు, యూదులు బతికారు. అయిదు వందల ఏళ్లకు పైగా ఒకచోట ఉన్న జనాన్ని 'బయటివాళ్లు' అని రాయడం నాకు నచ్చదు, పరీక్షలో నువ్వు కూడా అలా రాయకు.

గెలిచాక ఏమైందంటే, కొందరు స్పెయిన్‌లోని ముస్లిం రాజ్యమైన గ్రనాడాకో ఆఫ్రికాకో వెళ్లిపోయారు, చాలామంది ఉండిపోయారు. 1269లో రాజు మూడో అఫోన్సో సిల్వెష్, తవీరా, లౌలే, ఫారోల్లోని స్వతంత్ర ముస్లింలకు ప్రత్యేకంగా ఒక హక్కుల పత్రం రాసిచ్చాడు, పన్నులు కడుతూ తమ పద్ధతిలో తాము బతకొచ్చని. మరీ గొప్ప జీవితమేమీ కాదు, పన్నులు ఎక్కువే, ఊరి గోడల బయట వేరుగా ఉండాల్సి వచ్చేది. అయినా తరాల తరబడి ఉన్నారు. 1496లో రాజు మాన్యుయెల్ యూదులనూ ముస్లింలనూ దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు ఇచ్చేదాకా ఆ ఏర్పాటు సాగింది.

ప్రశ్న: నేను గోల్కొండ దగ్గరే పుట్టి పెరిగాను. చిన్నప్పటి నుంచీ విన్న మాట, ఔరంగజేబు అంత పెద్ద సైన్యంతో వచ్చినా ఎనిమిది నెలలు గోల్కొండను కదిలించలేకపోయాడు, చివరికి లోపలివాడు తలుపు తీస్తేనే గెలిచాడు. మరి ఈ సిల్వెష్ ఆరు వారాలకే ఎందుకు పడిపోయింది? గోడలు బలంగా లేవా? (లంగర్‌హౌస్)

జవాబు: గోడల్లో లోపమేమీ లేదండీ. నీళ్లు అయిపోయాయి. ఈ శీర్షిక మొత్తం ఈ కోటకే ఇవ్వడానికి అసలు కారణం మీ ప్రశ్నే.

ముందు ఊరి అమరిక చూడండి. కొండ నెత్తిన లోపలి కోట, అంటే మన గోల్కొండలో బాలా హిస్సార్ ఉండే చోటు. విస్తీర్ణం సుమారు 12,000 చదరపు మీటర్లు, మన లెక్కలో మూడెకరాలు, పధ్నాలుగు వేల గజాల పైచిలుకు. పదకొండు బురుజులు. గోల్కొండను చూసిన కళ్లకు చాలా చిన్నదే. దాని కింద గోడ కట్టిన పట్నం, ఆ కింద ఏటి వైపు పేట, దానికీ గోడ. పట్నం నుంచి నీటి దగ్గరికి ఒక గోడను బురుజులతో సహా కిందికి దించారు, శత్రువు చుట్టూ ఉన్నా జనం ఆ గోడ చాటున పోయి నీళ్లు తెచ్చుకునేలా. అలాంటి గోడను పోర్చుగీసులో కొరాసా అంటారు. సిల్వెష్ ప్రాణమంతా ఆ గోడలోనే ఉండేది.

ముట్టడిలో ఉన్న ఒక జర్మన్ క్రూసేడరు జరిగిందంతా లాటిన్‌లో రాసిపెట్టాడు, పేరు చెప్పుకోలేదు. మనకు ఈ వివరాలు తెలిసింది అతని వల్లే. మొదటి రోజుల్లోనే కింది పేట పట్టుబడింది. జనమంతా పైకి, గోడల లోపలికి ఎక్కేశారు. ఇక్కడే సగం దెబ్బ తగిలింది, ఎందుకంటే లోపల ఉన్న నీళ్లు లోపలివాళ్లకు సరిపడా ఉంటాయి, ఊరంతా వచ్చి తలదాచుకుంటే సరిపోవు. తర్వాత దాడి చేసినవాళ్లు తమ బలమంతా ఆ నీళ్ల గోడ మీదే పెట్టారు, దాన్ని పట్టుకుని, అక్కడి బావిని పనికిరాకుండా చేశారు.

ఇక తేదీలు చూడండి. జులై, ఆగస్టు. మనకైతే అది నిండు వానాకాలం, ఆ నెలల్లో కోటలో ఉన్నవాడు డేగిశా బయట పెట్టినా నిండుతుంది. దక్షిణ పోర్చుగల్‌లో వానలు చలికాలంలో పడతాయి. ఎండాకాలమంతా చుక్క పడదు. జులై 21న ముట్టడి మొదలయ్యే నాటికి తొట్లలో ఉన్నవి పోయిన చలికాలపు నీళ్లు, మళ్లీ వాన మొహం చూడాలంటే ఇంకా నెలలు ఆగాలి. రోజూ మట్టం తగ్గడం చూస్తూ, పిల్లాపాపలతో ఆ గోడల మధ్య ఉన్న తల్లుల గురించి ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది. గోడలు తవ్వారు, సొరంగాలు వేశారు, నిచ్చెనలు వేశారు, ఏదీ పూర్తిగా పారలేదు. చివరికి దాహమే వాళ్లను బేరానికి దించింది.

ఆ బేరం కూడా చెప్పాలి. సాంచో రాజు జనాన్ని తమ సామానుతో సహా వెళ్లనిద్దామన్నాడు, దానికి బదులుగా క్రూసేడర్లకు పెద్ద మొత్తంలో బంగారు నాణేలు ఇస్తానన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు, దోపిడీ సొమ్మే కావాలన్నారు. ఆఖరికి ప్రాణాలతో వదిలేలా, సొత్తంతా అక్కడే విడిచిపెట్టేలా కుదిరింది. పట్నం పట్నమంతా కట్టుబట్టలతో బయటికి నడిచింది. అలా నడిచేవాళ్లను కూడా కొందరు సైనికులు మాట తప్పి దోచుకున్నారు. ఆ వేసవిలోనే సిల్వెష్‌కు దగ్గర్లోని ఆల్వోర్‌లో ఇంకో క్రూసేడర్ల గుంపు జనాన్ని ఊచకోత కోసింది, ఆ కబురు సిల్వెష్ జనానికి తెలియకుండా ఉంటుందా? ఆ భయంలో కూడా అన్ని వారాలు తట్టుకున్నారంటే వాళ్లను తక్కువ అంచనా వేయకూడదు.

ఇప్పుడు మన గోల్కొండ. 1687 మొదట్లో ముట్టడి, సెప్టెంబరులో పతనం. మధ్యలో వానాకాలం వచ్చిపడింది, వానలకూ వరదలకూ కరువుకూ బయట ఉన్న మొఘల్ సైన్యమే అల్లాడిపోయింది. లోపల మాత్రం కటోరా హౌజ్ ఉంది, దుర్గం చెరువు వైపు నుంచి వచ్చే నీటి ఏర్పాటు ఉంది, పర్షియన్ చక్రాలతో అంచెలంచెలుగా తొట్టి నుంచి తొట్టికి ఎక్కించి బాలా హిస్సార్ దాకా నీళ్లు తీసుకెళ్లారు. మీరు అక్కడివారే కదా, పైకెక్కే దారిలో గోడ పగిలిన చోట మట్టి గొట్టాలు బయటికి కనిపిస్తుంటాయి, చూసే ఉంటారు. ఒకదాని మూతిలో ఇంకొకటి దూర్చి, సున్నంతో అతికి, గోడ లోపలే పోనిచ్చిన గొట్టాలవి. టూరిస్టులు చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటారు గానీ వాటి వైపు చూడరు. గోల్కొండ ఎనిమిది నెలలు నిలిచిందంటే అందులో ఫిరంగులకెంత వాటా ఉందో ఆ గొట్టాలకూ అంత వాటా ఉంది.

1191 తర్వాత అల్మొహాద్లు కోటను బలపరిచిన తీరు చూస్తే వాళ్లకూ ఈ సంగతి బాగా బోధపడినట్టే ఉంది. లోపలి కోటలో ఇవాళ చూపించే పెద్ద నీటి తొట్టి వాళ్ల కాలం నాటిదిగా చెబుతారు. నేల కింద, స్తంభాల మీద నాలుగు వరసల కమానులు, పట్టే నీళ్లు సుమారు 13 లక్షల లీటర్లు. మన దగ్గర వేసవిలో అపార్ట్‌మెంట్లకు తోలే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే 260. పన్నెండు వందల మందికి ఏడాది పాటు సరిపోతాయని లెక్క కట్టారు, తలకు రోజుకు మూడు లీటర్ల చొప్పున. తాగడానికీ వంటకీ సరిగ్గా సరిపోతాయి, స్నానం మాట మర్చిపోవాల్సిందే.

ప్రశ్న: నేను మేస్త్రీని, ముప్పై ఏళ్ల నుంచి ఇళ్లు కడుతున్నా. ఫొటోలో గోడ ఎర్రరాయిలా ఉంది, కానీ ఒక మూల రాయి ఊడిన చోట లోపల మట్టి కనబడుతోంది. మట్టిగోడ ఎనిమిది వందల ఏళ్లు ఎట్లా నిలబడ్డది? (ఉప్పల్)

జవాబు: మీ కన్ను గొప్పదండీ, మేమే ఫొటో వేస్తూ అది గమనించలేదు. మీ ఉత్తరం చూశాక అసలు ఫొటోను పెద్దది చేసి చూశాను. రాయి ఊడిన చోట లోపలి భాగం వరసలు వరసలుగా ఉంది, ఒక్కో వరసలో చిన్న గులకరాళ్లు, తెల్లటి సున్నపు పలుకులు. వరసకీ వరసకీ మధ్య గుండ్రటి చిన్న బొక్కలు. చెక్క అచ్చును పట్టి ఉంచిన అడ్డకర్రల గుర్తులవి.

పని మీకు ఇట్టే అర్థమవుతుంది. మట్టి, ఇసుక, గులక, సున్నం కలిపి కొద్దిగా తడుపుతారు, ముద్ద కట్టేంత తడి, అంతకన్నా ఎక్కువ ఉండకూడదు. అటూ ఇటూ చెక్క పలకలు నిలబెట్టి మధ్యలో పోసి దిమ్మిసలతో కొడతారు. గట్టిపడ్డాక మళ్లీ పోయడం, మళ్లీ కొట్టడం. అచ్చు నిండాక పలకలు విప్పి పక్కకు జరుపుతారు. మీ షట్టరింగ్ పనికీ దీనికీ పెద్ద తేడా లేదు, కాంక్రీటు బదులు మట్టి. సున్నం బాగా పడితే ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. అల్మొహాద్లు మొరాకో నుంచి స్పెయిన్ దాకా ఈ పద్ధతిలోనే కోటలు లేపారు, ఎందుకంటే పని వేగంగా అవుతుంది, రాళ్లు చెక్కేవాళ్లు పెద్దగా అక్కర్లేదు, మట్టి ఎక్కడైనా దొరుకుతుంది. సిల్వెష్‌లో దానికి పైన స్థానికంగా దొరికే ఎర్ర ఇసుకరాయి తొడిగారు, ఆ రాయి పేరే సిల్వెష్ రాయి. వాన నేరుగా మట్టికి తగలకుండా రాయి కాచింది.

మట్టికోట అంటే చులకనగా చూడొద్దని మీలాంటివారికి చెప్పక్కర్లేదు, కానీ మిగతా పాఠకుల కోసం అంటున్నా: ఓరుగల్లు వెళ్లినప్పుడు రాతికోట తోరణాల దగ్గర ఫొటోలు దిగి తిరిగొచ్చేయకండి, దాని బయట కాకతీయుల మట్టికోట గట్టు ఇంకా ఉంది, దాని మీద కాసేపు నడవండి.

ప్రశ్న: సిల్వెష్ గురించి నెట్‌లో చదివితే బాదం చెట్ల రాణి కథ, తొట్టిలో పడవ నడిపే మాయ కన్య కథ కనిపించాయి. నిజమేనా? మా పాపకు చెప్పొచ్చా? (సైనిక్‌పురి)

జవాబు: నిజంగా జరిగినట్టు ఆధారం లేదు, పాపకు మాత్రం తప్పకుండా చెప్పండి. ఉత్తర దేశపు రాకుమారి ఒకామె మూర్ల రాజును పెళ్లాడి వచ్చి, మంచు కనబడక బెంగతో మంచం పట్టిందట, రాజు కొండల నిండా బాదం చెట్లు నాటిస్తే పూత పూసిన రోజు కిటికీ తీసి చూసి, తెల్లటి పూలను మంచనుకుని తేరుకుందట. అక్కడ బాదం చలికాలం చివర్లో పూస్తుంది, కొండలు నిజంగానే తెల్లబడతాయి. తొట్టి కథలో, సెయింట్ జాన్ పండగ రాత్రి ఒక మూరు కన్య వెండి పడవలో బంగారు తెడ్లతో నీటి మీద తిరుగుతుందని చెబుతారు. అందుకే దాన్ని మూరు కన్య తొట్టి అంటారు. ఓడి వెళ్లిపోయిన మనుషుల్ని వాళ్ల ఊరు కథలో దాచుకుందనిపిస్తుంది నాకు.

ప్రశ్న: ఆదాబ్. ఉర్దూ, అరబ్బీ కవిత్వం మీద ఇష్టం ఉన్నవాణ్ని. సెవిల్ రాజు అల్ ముతమిద్ యౌవనం సిల్వెష్‌లోనే గడిచిందని విన్నాను. కోటలో ఆయన గుర్తులేమైనా మిగిలాయా? (మొఘల్‌పురా)

జవాబు: ఆదాబ్ భాయ్. మీరు విన్నది నిజమే. సెవిల్‌ను ఏలిన అల్ ముతదిద్ తన కొడుకును కుర్రతనంలోనే సిల్వెష్‌కు అధికారిగా పంపాడు. అక్కడే ఇబ్న్ అమ్మార్‌తో స్నేహం. ఇబ్న్ అమ్మార్ సిల్వెష్ దగ్గరి పేద ఇంటివాడు, పద్యాలు చెప్పి పొట్ట పోసుకుంటూ ఊళ్లు తిరిగినవాడు. ఇద్దరికీ ప్రాణస్నేహం కుదిరింది. కొడుకు రాజయ్యాక ఆ స్నేహితుణ్ని వజీరుగా చేసుకున్నాడు. ఇబ్న్ అమ్మార్ సిల్వెష్‌కు బయల్దేరుతుంటే అల్ ముతమిద్ చెప్పిన పద్యం అరబ్బీ సాహిత్యంలో బాగా పేరున్నది: అక్కడి నా ఇళ్లను పలకరించు, నేను తలచుకుంటున్నట్టు అవి నన్ను తలచుకుంటున్నాయేమో అడుగు, ఆ వసారాల మహల్‌కు నా సలాం చెప్పు, అనే భావం.

ఆ స్నేహం చెడిన తీరు చదివితే మనసు పాడవుతుంది. ముర్సియా గెలవడానికి వెళ్లిన ఇబ్న్ అమ్మార్ అక్కడ తానే రాజులా కూర్చున్నాడు, రాజు మీదా రాణి మీదా ఎగతాళి పద్యాలు కట్టాడు. చివరికి దొరికిపోయాడు. అల్ ముతమిద్ చేజేతులా అతన్ని చంపాడు. తర్వాత రాజు రోజులూ బాగాలేవు. 1085లో టొలీడో క్రైస్తవుల చేతికి పోయాక భయపడి అల్మొరావిడ్లను సాయానికి పిలిచాడు, 1086లో వాళ్లు వచ్చి గెలిపించారు, 1091లో వాళ్లే ఇతన్ని దించేసి మొరాకోలోని అఘ్మాత్‌కు పంపేశారు. అక్కడ ఈద్ రోజున చిరుగుబట్టలతో, వట్టికాళ్లతో వచ్చి పలకరించిన కూతుళ్లను చూసి, వాళ్లు కూలికి నూలు వడుకుతున్నారని రాసిన పద్యం మీరు చదివే ఉంటారు. 1095లో అక్కడే పోయాడు. దౌలతాబాద్ ఖైదులో పోయిన మన తానీషా గుర్తుకొస్తాడు నాకు.

గుర్తుల మాటకొస్తే, ఆ వసారాల మహల్ గోడలు మనకు మిగల్లేదు. 1980లలో మొదలైన తవ్వకాల్లో లోపలి కోటలో ఒక మహల్ పునాదులు బయటపడ్డాయి, కానీ అది అల్మొహాద్ల కాలానిది, అంటే ఆయన పోయిన వందేళ్ల తర్వాతి మాట. ఆయన సిల్వెష్‌ను చూడాలంటే ఆ పద్యమే దిక్కు.

ప్రశ్న: ఆఫీసు పని మీద లిస్బన్ వెళ్తున్నా, ఒక రోజు ఖాళీ ఉంది. సిల్వెష్ వెళ్తే సరిపోతుందా? ఇంకో మాట, అక్కడి గోడలు చాలావరకు ఈమధ్య కట్టినవేనని మా కొలీగ్ అన్నాడు. అంత దూరం వెళ్లడం దండగా? (కొండాపూర్)

జవాబు: దండగ కానే కాదు. మీ కొలీగ్ మాటలో సగం నిజం ఉంది. 1755 నవంబరు 1న వచ్చిన లిస్బన్ భూకంపంలో సిల్వెష్ బాగా దెబ్బతింది. అప్పటికే ఊరు చిక్కిపోయి ఉంది, ఏట్లో ఇసుక, బురద మేటవేసి పడవలు రావడం తగ్గింది, నిలవ నీళ్లతో జ్వరాలు, 1577లో బిషప్ పీఠం కూడా ఫారోకు తరలిపోయింది. 1910లో కోటను జాతీయ కట్టడంగా ప్రకటించారు. 1940లలో నియంత సలజార్ ప్రభుత్వం దేశమంతటా కోటలను బాగుచేయించింది, పోర్చుగల్ పుట్టి ఎనిమిది వందల ఏళ్లయిందని ఉత్సవాలు చేసిన రోజులవి, కోటలు పడిపోయినట్టు కనబడటం వాళ్లకు ఇష్టం లేదు. సిల్వెష్‌లో కూలిన గోడలు, బురుజుల తలలు మళ్లీ లేపారు. అందుకే పై అంచులు అంత చక్కగా, ఎక్కడా విరగకుండా ఉంటాయి. నా అభిప్రాయం అడిగితే, మరీ ఎక్కువ సరిచేశారు. కానీ బురుజుల అడుగులు, గోడల లోపలి మట్టి, నీటి తొట్టి పాతవే, చూపు కొంచెం కిందికి దించితే చాలు.

లిస్బన్ నుంచి సుమారు 250 కిలోమీటర్లు, పొద్దున్నే బయల్దేరితే రోజులో చూసి రావచ్చు. రైల్లో వెళ్తే స్టేషన్ ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది, గుర్తుపెట్టుకోండి. ముందు కోటకు వెళ్లకండి, కింద పురావస్తు మ్యూజియంతో మొదలుపెట్టండి. దాని నడుమన అల్మొహాద్ల కాలపు బావి ఒకటి ఉంది, దాదాపు 18 మీటర్ల లోతు, చుట్టూ మెలికలు తిరుగుతూ కిందికి దిగే మెట్లు. తవ్వకాల్లో ఆ బావి దొరికితే మ్యూజియం భవనాన్నే దాని చుట్టూ కట్టారు, 1990లో తెరిచారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర బాగుచేసిన బడీ బావిని మీరు చూసి ఉంటే, రెండు చోట్లా నీటి దగ్గరికి మనిషి దిగే పద్ధతి ఎలా వేరుగా ఉందో పోల్చుకోవచ్చు. అక్కణ్నుంచి పాత పట్నం ద్వారం బురుజు కింద నుంచి పైకి నడిస్తే అదే ఎర్రరాతితో కట్టిన పెద్ద చర్చి వస్తుంది, పెద్ద మసీదు ఉన్న చోటే అది కట్టారని చెబుతారు. 1495లో పోయిన రాజు రెండో జొవాన్‌ను మొదట ఈ చర్చిలోనే పూడ్చిపెట్టారు, నాలుగేళ్ల తర్వాత బటాల్యాకు తీసుకెళ్లారు. చర్చి దాటాక కోట.

ఆగస్టులో వెళ్తే మధ్యయుగపు జాతర ఉంటుంది, ఊరంతా పాతకాలపు వేషాలు, రద్దీ ఎక్కువ. ప్రశాంతంగా చూడాలంటే బాదం పూసే జనవరి, ఫిబ్రవరి మేలు, కాకపోతే గొడుగు పట్టుకెళ్లండి, అక్కడ వానలు అప్పుడే.